ఏప్రిల్ 11 నవలా పఠనం: హన్మకొండలో, సౌతాంప్టన్‌లో ఎవరెవరు ఏం చూసుకుందాం?

హన్మకొండ సమన్వయం:
అందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం మన హన్మకొండ రచయిత్రి మేడం ఇంటికి వెళ్లి మాట్లాడాను. సౌతాంప్టన్‌లో మన సంఘం పెట్టే సభకు తన టైటానిక్ నవల చదవడానికి ఒప్పుకున్నారు. మోకాళ్ల నొప్పులతో అంత దూరం రాలేనన్నారు కాబట్టి ఇక్కడి నుంచే చదువుతారు, మీరు అక్కడ హాల్లో పెద్ద తెర మీద చూస్తారు. ఆమెను ఒక గదిలో కెమెరా ముందు ఒంటరిగా కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. ఎదురుగా నలుగురు మనుషులుంటేనే గొంతు పలుకుతుందని ఆమె కూడా అన్నారు. అందుకని రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వాళ్లను హాలు అడుగుదామని ఉంది. 1904లో మొదలైన గ్రంథాలయం అది. టైటానిక్ బయలుదేరిన 1912 నాటికే ఎనిమిదేళ్లుగా జనం అక్కడ తెలుగు పుస్తకాలు చదువుతున్నారు. ఈ నవలకు మన ఊళ్లో అంతకంటే తగిన చోటు నాకు తోచడం లేదు.

ఒక్క మాట మొదట్లోనే చెప్పేస్తాను. పఠనానికి 45 నిమిషాలు కావాలి, అదీ కార్యక్రమం మొదట్లోనే. మన సంఘాల సభల్లో సాహిత్యానికి మామూలుగా దొరికేది డ్యాన్సులకూ భోజనాలకూ మధ్య పది నిమిషాలు. అప్పటికి పిల్లలకు ఆకలి, పెద్దలకు పార్కింగ్ టైం అయిపోతుందన్న టెన్షన్. మేడం ఈ పుస్తకం మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఆమెను ఆ పది నిమిషాల్లో ఇరికించేటట్లయితే పిలవకపోవడమే మేలు.

హాలు, సౌండ్:
అక్కా, 45 నిమిషాలకు నాకేం అభ్యంతరం లేదు. హాలు మనకు మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 9 వరకు ఉంది. 3 గంటలకు దీపం వెలిగించి, 3:10కి పఠనం మొదలుపెడదాం. మీకు అప్పుడు 8:40 అవుతుంది కదా, మేడంకు మరీ ఆలస్యం కాదా?

హన్మకొండ సమన్వయం:
7:40 తమ్ముడూ. మార్చి ఆఖరి ఆదివారం మీ దగ్గర గడియారాలు గంట ముందుకు జరుగుతాయి. ఆ తర్వాత మనకూ మీకూ తేడా నాలుగున్నర గంటలే. పోస్టర్‌లో రెండు టైములూ పక్కపక్కన వేయండి, లేకపోతే ఇక్కడ సగం మంది గంట ఆలస్యంగా వస్తారు. భోజనాలకు ముందే అయిపోతుంది కాబట్టి మేడంకు కూడా ఆ సమయం బాగానే ఉంటుంది.

పిల్లల కార్యక్రమాలు:
నాదొక ఐడియా. గుమ్మం దగ్గర అట్టతో ఓడ ముందుభాగం కట్టి ఫొటో బూత్ పెడదామా? పిల్లలు కెప్టెన్ టోపీలు పెట్టుకుంటారు, జంటలు సినిమాలోలాగా చేతులు చాపి ఫొటో దిగుతారు. పఠనం మొదలయ్యే ముందు ఓడ హారన్ సౌండ్. ఓడ ఆకారంలో కేక్ కూడా ఇక్కడ ఒకరు చేసిస్తామన్నారు. జనం వస్తారు అక్కా, మామూలుగా నవలా పఠనం అంటే రారు.

హన్మకొండ సమన్వయం:
జనం రావాలన్న నీ ఆరాటం నాకు అర్థమైంది చెల్లీ. వేరే ఊరైతే నేను కూడా ఆలోచించేదాన్నేమో. కానీ మనం సభ పెట్టుకుంటున్నది సౌతాంప్టన్‌లో. ఆ ఓడ సిబ్బందిలో ఎక్కువమంది ఆ ఊరివాళ్లే. ఓడ మీద చనిపోయినవాళ్లు 1,500 మందికి పైగా ఉంటే, అందులో 500 మందికి పైగా సౌతాంప్టన్‌లో ఇళ్లున్నవాళ్లు. బొగ్గు వేసేవాళ్లు, వడ్డించేవాళ్లు, వంటవాళ్లు. కొన్ని వీధుల్లో ఇంటింటికీ చావు కబురు వచ్చింది. మనవాళ్లు అద్దెకున్న ఇళ్లలో కొన్ని ఆ వీధుల్లోనే ఉండొచ్చు. ఆ రోజు హాలుకు ఇరుగుపొరుగు వాళ్లను కూడా పిలుస్తున్నాం. వాళ్లలో ఎవరి ముత్తాతైనా ఆ ఓడలో పనిచేసి ఉంటే, మనం కోస్తున్న ఓడ కేక్ చూసి ఏమనుకుంటారు? ఇది నూరేళ్ల కిందటి మాటే. అయినా చావుకు సంబంధించిన మాట.

కేక్ వద్దు, హారన్ వద్దు. ఫొటో బూత్ బదులు నువ్వు ఇంకొకటి చేయించు. పిల్లలతో పెద్ద చార్టు మీద ఓడ దారి గీయించు: బెల్‌ఫాస్ట్‌లో హార్లండ్ అండ్ వుల్ఫ్ కట్టిన చోటు, ఏప్రిల్ 10 మధ్యాహ్నం బయలుదేరిన సౌతాంప్టన్, ఆ సాయంత్రం ఆగిన ఫ్రాన్స్‌లోని షెర్బూర్, మర్నాడు ఐర్లండ్‌లోని క్వీన్స్‌టౌన్, ఆ తర్వాత న్యూయార్క్ వైపు. దానికి ఇటు చివర గుంటూరు నుంచి ఒక గీత. గుంటూరు ఎందుకని పిల్లలే అడుగుతారు, అప్పుడు కథ చెప్పొచ్చు.

కోశాధికారి:
నేనే అడుగుతున్నా, గుంటూరు ఎందుకు? మనది వరంగల్, కరీంనగర్ వాళ్ల సంఘం. ఈ నవలకూ మనకూ సంబంధం రచయిత్రిది హన్మకొండ కావడమేనా? సభ్యులు అడిగితే ఏం చెప్పాలో తెలియాలి కదా.

హన్మకొండ సమన్వయం:
మంచి ప్రశ్న అన్నా, కొంచెం వివరంగా చెప్తాను. ఇందులో కొంత మన ఆహ్వాన పత్రంలోకి కూడా పనికొస్తుంది.

టైటానిక్‌లో రూత్ బెకర్ అనే పన్నెండేళ్ల పిల్ల ప్రయాణం చేసింది. 1899లో గుంటూరులో పుట్టింది. తండ్రి అలెన్ బెకర్ అక్కడి లూథరన్ మిషన్‌లో పనిచేసేవాడు. 1842లో హేయర్ అనే అమెరికన్ పాస్టర్ వచ్చి మొదలుపెట్టిన మిషన్ అది. రూత్ చిన్న తమ్ముడు రిచర్డ్‌కు జబ్బు చేసింది. ఇక్కడే ఉంటే పిల్లవాడు దక్కడని డాక్టర్లు చెప్పడంతో తల్లి నెల్లీ ముగ్గురు పిల్లల్నీ వెంటబెట్టుకుని అమెరికాలో మిషిగన్‌కు బయలుదేరింది. తండ్రి గుంటూరులోనే ఉండిపోయాడు. ఇంగ్లండ్ చేరాక సౌతాంప్టన్‌లో రెండో తరగతి టికెట్ల మీద ఈ ఓడ ఎక్కారు. రూత్‌కు పన్నెండు, చెల్లెలు మేరియన్‌కు నాలుగు, రిచర్డ్‌కు ఇంకా రెండు నిండలేదు.

ఏప్రిల్ 14 రాత్రి 11:40కి ఓడ మంచుకొండను ఢీకొట్టింది. పైకి వచ్చాక బయట గడ్డకట్టే చలి. కేబిన్‌కు వెళ్లి దుప్పట్లు తెమ్మని తల్లి రూత్‌ను పంపింది. తెచ్చేసరికి 11వ నంబరు పడవ నిండిపోయింది. చిన్న పిల్లలిద్దరినీ అందులో వేశారు, తల్లి కూడా ఎక్కింది, రూత్‌కు చోటు లేదు. ఇంకో పడవ ఎక్కమని తల్లి అక్కడి నుంచే అరిచి చెప్పింది. ఆ పిల్ల ఒక్కతే 13వ నంబరు పడవ ఎక్కింది. ఆ పడవ నీళ్లలోకి దిగాక ఓడ పక్క నుంచి వచ్చే నీటి ఉరవడికి కొట్టుకుపోయి, పైనుంచి దించుతున్న 15వ పడవ కిందికి చేరింది. తాళ్లు కోసి చివరి క్షణంలో తప్పించుకున్నారు. రూత్ పడవలో బాయిలర్ల దగ్గర నుంచి నేరుగా పైకి వచ్చిన స్టోకర్లు (బొగ్గు వేసేవాళ్లు) ఉన్నారు, ఒంటి మీద పల్చటి చొక్కాలు తప్ప ఏమీ లేవు. ఆమె తెచ్చిన దుప్పట్లు వాళ్లకు కప్పారు. తెల్లవారాక కార్పేథియా అనే ఓడ వీళ్లందరినీ ఎక్కించుకుంది. తల్లీ పిల్లలూ ఆ ఓడ మీదే కలుసుకున్నారు.

ఇంతవరకు చరిత్ర. మేడం నవల అంతా ఈ దుప్పట్ల చుట్టూ తిరుగుతుంది. ఒక పక్క గుంటూరు నుంచి వచ్చిన పిల్ల, ఇంకో పక్క సౌతాంప్టన్‌లో ఒక స్టోకర్ ఇల్లు. ఆ స్టోకర్ కుటుంబం కల్పితం. ఆ ఇంటి భాగం ఆమె మన బొగ్గు బాయిల (గనుల) మనుషులను చూసే రాశారు. పెళ్లయిన కొత్తలో కొన్నేళ్లు బొగ్గు గనులున్న మందమర్రిలో ఉన్నారట. అన్నా, సభ్యులు అడిగితే ఈ మాట చెప్పండి.

కోశాధికారి:
చాలు అక్కా. దీనికి 45 నిమిషాలు ఇవ్వొచ్చు.

స్వాగతం టీం, గోదావరిఖని:
పొద్దున డ్యూటీకి పోతూ చదివాను, సాయంత్రం దాకా అదే మనసులో ఉంది. మా నాయిన సింగరేణిలో ఫిల్లర్. తట్టా చెమ్మస్ (పార) పట్టి టబ్బులు నింపేవాడు. షిఫ్టు దిగి వస్తే కళ్లు తప్ప ఏమీ కనిపించేవి కావు. నేను చిన్నప్పుడు బాయిలో ప్రమాదం అని తెలిస్తే మా అమ్మ, పక్కింటి ఆడవాళ్లు అందరూ గేటు దగ్గరకు ఉరికేవాళ్లు. లోపలికి పోనియ్యరు, పేర్లు చెప్పరు. అక్కా, నవలలో స్టోకర్ భార్య భాగం ఏముందో చెప్తారా?

హన్మకొండ సమన్వయం:
అన్నా, సరిగ్గా అదే ఉంది. సౌతాంప్టన్‌లో కాన్యూట్ రోడ్డు మీద వైట్ స్టార్ కంపెనీ ఆఫీసు ఉండేది. ఓడ మునిగిన వార్త వచ్చాక వందల మంది ఆడవాళ్లు దాని ముందు రోజుల తరబడి నిలబడ్డారు. బతికినవాళ్ల పేర్లు కొద్దికొద్దిగా బోర్డు మీద పెట్టేవారు. నవలలో ఆ స్టోకర్ భార్య చంకలో బిడ్డతో అక్కడ నిలబడి ఉంటుంది. తనకు చదువు రాదు, బోర్డు మీద పేరు ఉందో లేదో పక్కామెను అడగాలి. అడగడానికి ధైర్యం చాలదు. ఆ అధ్యాయం ఏడు పేజీలు.

ఇంకో సంగతి కూడా అందులో వస్తుంది, అది చరిత్రే. సిబ్బందికి కంపెనీ ఓడ మునిగిన రోజు వరకే జీతం లెక్కకట్టింది. స్టోకర్‌కు నెలకు 6 పౌండ్లు. దానికి కొద్ది వారాల ముందు బ్రిటన్‌లో బొగ్గు కార్మికుల సమ్మె జరిగింది. బొగ్గు లేక ఓడలు రేవులోనే ఆగిపోయాయి, సౌతాంప్టన్‌లో వేల మందికి పని పోయింది. టైటానిక్‌కు పక్క ఓడల బొగ్గు ఎత్తి పోశారు. ఎన్నో రోజులుగా చేతిలో పైసా లేనివాళ్లు దొరికిన పని కదా అని ఎక్కారు. మన దగ్గర సమ్మె రోజులు చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

స్వాగతం టీం, గోదావరిఖని:
ఆ భాగం మేడం చదువుతారా?

హన్మకొండ సమన్వయం:
అది సౌతాంప్టన్ హాల్లోనే, మీలో ఒకరు చదివితే బాగుంటుందని నా మనసులో ఉంది. ఆ ఆఫీసు ఉన్న వీధికి దగ్గర్లో నిలబడి, తెలుగులో. వదిన చదువుతారా? ఆమె గొంతు నేను బతుకమ్మ పాటల్లో విన్నాను. మేడం ముందు గుంటూరు ఇంటి భాగం, బాయిలర్ గది భాగం చదువుతారు, తర్వాత వదిన ఈ అధ్యాయం, చివరగా మళ్లీ మేడం 13వ పడవ. మొత్తం 45 నిమిషాల్లో సరిపోతుంది. మేడంను అడిగాను, తన పుస్తకం ఇంకొకరి గొంతులో వినాలని ఉందన్నారు.

ఆ స్టోకర్ ఇంటి సంభాషణలు మన వైపు యాసలో ఉంటాయి. వదినను వాటిని దిద్దవద్దని చెప్పండి, ఉన్నది ఉన్నట్టే చదవాలి.

స్వాగతం టీం, గోదావరిఖని:
అడిగాను. మొదట నాతో కాదంది. పేజీలు పంపమని పొద్దున మళ్లీ తనే అడిగింది. పంపండి అక్కా.

హాలు, సౌండ్:
టెక్నికల్ సంగతులు. వైఫై మీద నాకు నమ్మకం లేదు, హాల్లో ల్యాప్‌టాప్‌కు నెట్ కేబుల్‌తో ఇస్తాను. ల్యాప్‌టాప్ సౌండ్ మిక్సర్‌కు వైరుతో కలుపుతాను, స్పీకర్ ముందు మైక్ పెట్టే పని వద్దు. మేడం చదువుతున్నంతసేపూ మా వైపు మైకులు మ్యూట్, లేకపోతే ఆమె గొంతు ఆమెకే తిరిగి వినిపించి తడబడతారు. ప్రశ్నల సమయానికి ఒక్క మైక్ తెరుస్తాను. మీ వైపు కరెంటు సంగతేంటి?

హన్మకొండ సమన్వయం:
అసలు భయం అదే. ఏప్రిల్ సాయంత్రాలు ఇక్కడ ఉన్నట్టుండి ఈదురుగాలి లేస్తుంది, రెండు చినుకులు పడగానే కరెంటు పోతుంది. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది కానీ రౌటర్ ఆగిపోతే లాభం లేదు, కాబట్టి రౌటర్‌ను కూడా ఇన్వర్టర్ మీద పెట్టిస్తున్నాను. దానికి తోడు వేరే కంపెనీ సిమ్‌తో ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంటుంది. అన్నిటికీ మించి, మేడం చదివే మూడు భాగాలూ ముందు వారమే రికార్డు చేసి మీకు పంపుతాను. లైన్ తెగి ఐదు నిమిషాల్లో తిరిగి రాకపోతే రికార్డింగ్ నడపండి. తెర నల్లగా పెట్టి జనాన్ని కూర్చోబెట్టొద్దు. ఆ ఫైలు మాత్రం ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి, యూట్యూబ్‌లో పెట్టకండి. పుస్తకం మీద హక్కులు మేడంవి, ప్రచురణకర్తవి. సభ వీడియో పెట్టాలన్నా వాళ్లను అడిగాకే.

భోజనాలు:
మెనూ: బగారా అన్నం, వంకాయ కూర, పచ్చి పులుసు, పెరుగన్నం. టీ టైంకు సకినాలు, సర్వపిండి. సర్వపిండి వేడిగా తినాలని అందరూ అడుగుతున్నారు, కానీ పఠనం జరుగుతుండగా వెనకాల పెనం చప్పుడు, వాసన ఉండకూడదు కాబట్టి 4:20 తర్వాతే వంటగది తలుపు తెరుస్తాం. సకినాల్లో నువ్వులు, సర్వపిండిలో నువ్వులూ పల్లీలూ రెండూ ఉంటాయి. ఇక్కడ వాటిని అలర్జీ జాబితాలో చెప్పి తీరాలి. ప్రతి గిన్నె ముందు కార్డు పెడతాను. బయటివాళ్లు వస్తున్నారు కాబట్టి మరీ జాగ్రత్తగా ఉండాలి.

పిల్లల కార్యక్రమాలు:
మ్యాప్ మొదలుపెట్టాం. పిల్లలు రూత్ గురించి చదివి నన్నే ప్రశ్నలడుగుతున్నారు, తర్వాత ఏమైంది అని.

హన్మకొండ సమన్వయం:
తండ్రి తర్వాత వెళ్లి కుటుంబాన్ని కలుసుకున్నాడు. రూత్ పెద్దయ్యాక టీచర్ అయింది. చాలా ఏళ్లు ఆ రాత్రి గురించి నోరు విప్పలేదు, చిన్నప్పుడు ఆమె సొంత పిల్లలకు కూడా తెలియదు. 1990లో, తొంభై ఏళ్ల వయసులో, 1912 తర్వాత మొదటిసారి మళ్లీ ఓడ ఎక్కి సముద్ర ప్రయాణం చేసింది. ఆ ఏడాదే చనిపోయింది. తర్వాత ఆమె అస్థికలను టైటానిక్ మునిగిన చోటే సముద్రంలో కలిపారు. పిల్లలకు ఇదంతా చెప్పు చెల్లీ, దాచాల్సిందేమీ లేదు.

పొద్దున స్మారకం దగ్గరకు వెళ్దామన్నారు కదా, ఏది ఎంచుకున్నారు?

స్వాగతం టీం, గోదావరిఖని:
అందరూ పార్కులో ఉన్న ఇంజనీర్ల స్మారకం అంటున్నారు. 1914లో పెట్టింది, పెద్దది, ఫొటోలు బాగా వస్తాయి.

హన్మకొండ సమన్వయం:
అది కూడా చూడండి. ఆ ఇంజనీర్లలో ఒక్కరు కూడా బతకలేదు. ఓడలో దీపాలు చివరిదాకా వెలిగాయంటే వాళ్ల వల్లే. కానీ పూలు పెట్టేది మాత్రం హోలీరూడ్ చర్చిలో పెట్టండి అన్నా. 1940 బాంబు దాడుల్లో కూలిపోయి గోడలు మాత్రం మిగిలిన చర్చి అది. దాని లోపల సిబ్బందికి కట్టిన ఫౌంటెన్ ఉంది. స్టోకర్లు, నావికులు, వడ్డించేవాళ్ల కోసం కట్టింది. మనం చదవబోయేది వాళ్ల కథే. ఊరేగింపులా కాకుండా పది పదిహేను మంది వెళ్తే చాలు, బ్యానర్ వద్దు. పక్కనే నడిచి వెళ్లేంత దూరంలో సీసిటీ మ్యూజియం ఉంది, అక్కడ సిబ్బంది ఇళ్ల గురించి ఎక్కువగా చూపిస్తారు. పిల్లలున్నవాళ్లు అటు వెళ్లి మధ్యాహ్నానికి హాలు చేరొచ్చు.

కోశాధికారి:
పుస్తకాలు ఎన్ని తెప్పిద్దాం? హైదరాబాద్ నుంచి మార్చిలో వస్తున్నవాళ్లు ముగ్గురున్నారు, తలా కొన్ని తెస్తామన్నారు. అమ్మిన డబ్బు మొత్తం మేడంకే పంపుదాం, సంఘం ఏమీ తీసుకోదు. చదివినందుకు గౌరవంగా ఇచ్చేది వేరే ఇద్దాం. శాలువా బదులు ఏమిస్తే బాగుంటుంది?

హన్మకొండ సమన్వయం:
ముప్పై కాపీలు సరిపోతాయి. శాలువాలు ఆమె ఇంట్లో బీరువా నిండా ఉన్నాయి, నేను చూశాను. ఇక్కడ వేదిక మీద పరచడానికి కొత్తవాడ నేతగాళ్ల దగ్గర జంపఖానా ఒకటి కొంటున్నాను, సభ అయ్యాక అదే ఆమెకు ఇచ్చేద్దాం. మ్యూజియం వాళ్లకు సంఘం తరఫున పెంబర్తి ఇత్తడి ఫలకం ఒకటి పంపుతాను, పుస్తకాలతో పాటు వస్తుంది.

ఒక పేజీ కాగితం కూడా తయారు చేస్తున్నాను, తెలుగులో, వెనక ఇంగ్లిష్‌లో. ఇందులో ఏది జరిగింది, ఏది మేడం ఊహించి రాశారు అన్నది విడివిడిగా ఉంటుంది. చారిత్రక నవల విన్నాక జనం మొదట అడిగేది అదే. బెకర్ కుటుంబం, పడవల నంబర్లు, జీతాల సంగతి, కాన్యూట్ రోడ్డు ఆఫీసు చరిత్ర. స్టోకర్, అతని భార్య, గుంటూరు ఇంట్లో ఆయా కల్పితం. పొరుగువాళ్లు ఇంగ్లిష్ వైపు చదువుకుని వింటారు. తెర కింద అనువాదం వేయడం లేదు. కళ్లు అక్షరాల మీద ఉంటే గొంతు వినబడదని మేడం అన్నారు, నాకూ అదే సరి అనిపించింది. పేజీ మేడం చూశాక ఇక్కడే పెడతాను.

హాలు, సౌండ్:
రిహార్సల్ ఎప్పుడు?

హన్మకొండ సమన్వయం:
ఏప్రిల్ 4 శనివారం, మీకు 3, మాకు 7:30. సరిగ్గా అదే సమయానికి చేస్తేనే ఇక్కడి నెట్ రాత్రిపూట ఎలా ఉంటుందో తెలుస్తుంది. వదిన కూడా రావాలి, మైక్ ఎత్తు చూసుకోవాలి. ఆమెకు పంపే ఏడు పేజీలు ఈ రాత్రే స్కాన్ చేసి పంపుతున్నాను.